నెట్‌వర్కు యంత్రము వ్రాయు చిట్టా

గోదావరికి వఱదనీరు వచ్చు దినములలో రావులపాలెమున నిద్దఱు కలిసికొన్నచో మొదట వచ్చు ప్రశ్న యొక్కటే: "ధవళేశ్వరముకడ ఎన్ని అడుగులున్నది?" ఈ యూరి కొక ప్రక్క గౌతమి, మఱియొక ప్రక్క వసిష్ఠ. జొన్నాడ వంతెన దాటి వచ్చిన రహదారి ఊరిలోనుండి సాగి సిద్ధాంతము వంతెన నెక్కును. రెండు పాయల నడుమ నివసించువారికి, ఎగువనున్న ఆనకట్టకడ కొలబద్ద చెప్పు అంకెయే ఆధారము. అచ్చట నీటిమట్టము 11.75 అడుగులకు వచ్చినచో మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులకు మించిన నీరును, 2022 జులైలో 25 లక్షలకు మించిన నీరును ఆ కొలబద్ద ముందుగనే సాగిపోయినవి.

ఈ యేర్పాటు మనకు మిక్కిలి యలవాటైనది కావున నందలి నేర్పు మన కంటి కానదు. నిదానించి చూచినచో దాని వెనుక నైదు నిర్ణయములు కలవు. ఏ చోట కొలువవలెను? ఎంతసేపటి కొకమాఱు కొలువవలెను? ఏ యంకెను మించిన నేమని హెచ్చరింపవలెను? ఆ హెచ్చరిక యెవరికి పోవలెను? వ్రాసిన లెక్క యెచ్చట భద్రముగ నుండవలెను? ఈ యైదింటిలో నొక్కటి లోపించినను లంకలవారు పశువులను గట్టెక్కించుకొనుటకు వ్యవధి యుండదు. కొలబద్ద వఱదను ఆపలేదు. వఱద యేమి చేయుచున్నదో సకాలమున చెప్పును. అంతమాత్రమే దాని పని. ఆ మాత్రమే ప్రాణములను కాపాడును.

ఇప్పు డీ సీమలో మఱియొక ప్రవాహమును గలదు. అది గాజుతీగలో వెలుతురై పాఱును. 2015లో నేర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఫైబర్‌నెట్ సంస్థ ఈ తీగను చాలవఱకు విద్యుత్ స్తంభములమీదుగనే సాగించి, ఊరూర నున్న కేబులు నిర్వాహకుల ద్వారమున ఇండ్లకు చేర్చినది. ఇతర సంస్థల తీగలును గలవు. అరటి మార్కెట్టులో గెలల బేరము కుదిరిన పిమ్మట సొమ్ము చేతులు మాఱుట మొదలు, వఱదనాడు లంకలోని వారు తమ క్షేమము తెలుపుట వఱకు, ఎన్నో పనులు నేడీ తీగపై నాధారపడినవి. ఈ ప్రవాహమునకును లాకులు కలవు. కాలువనీరు లాకుకడ చీలి వేర్వేఱు భూములకు పోవునట్లు, సమాచారము రౌటరు, స్విచ్చి యను యంత్రములకడ చీలి తన దారిని పట్టును. ఆ యంత్రములకును కొలబద్దయు, లెక్కపుస్తకమును వలయునా? వలయుననియే నా మనవి. వాని నెట్లేర్పఱుపవలెనో యిప్పుడు విచారింతము.

యంత్రమున చేయు ఏర్పాట్లు రెండు తెఱగులు. ఒక తీగ తగులుకొను ద్వారమునకు, అనగా ఒక్క పోర్టునకు మాత్రమే చెందినవి కొన్ని. యంత్రమంతటికిని వర్తించునవి మఱికొన్ని. పోర్టుల యేర్పాట్లు తప్పినచో వెంటనే తెలియును. తీగ పనిచేయదు, ఇంటివారు ఫోను చేసి యడుగుదురు. యంత్రమంతటికి చెందిన పర్యవేక్షణపు ఏర్పాట్లు తప్పినచో నెవ్వరును అడుగరు. అంతయు చక్కగ నున్నట్లే కనబడును. ఒక రాత్రి ఆపద వచ్చిన పిమ్మట చిట్టా తెఱచి చూచినప్పుడు, అందేమియు లేదని తెలియును. కావుననే వీనిని ఎండకాలముననే సరిచూచుకొనవలెను.

ఈ విషయమున రెండు మాటల భేద మెఱుగుట మొదటి మెట్టు. జరిగిన సంగతిని జరిగినప్పుడు వ్రాయుట చిట్టా. ఫలాని వేళ ఫలాని పోర్టు ఆగినది, ఫలానివాడు యంత్రములో ప్రవేశించి ఏర్పాటు మార్చినాడు, యంత్రము తిరిగి మొదలైనది, ఇత్యాదులు చిట్టాకు చెందును. జరిగినను జరుగకున్నను నియమిత వ్యవధులకు కొలుచుట పర్యవేక్షణము. యంత్రపు వేడి యెంత, జ్ఞాపకశక్తిలో మిగిలిన చోటెంత, పోర్టులో పోవుచున్న సమాచార మెంత, గాజుతీగలో వచ్చు వెలుతురెంత యనునవి కొలతకు చెందును. గట్టునకు గండి పడినదని వ్రాయుట చిట్టా. గంటగంటకు మట్టము చూచుట పర్యవేక్షణము. రెండవది యుండినచో మొదటిది పెక్కుమాఱులు రాకుండగనే చూచుకొనవచ్చును.

ఇక నేర్పాట్లలో మొదటిది గడియారము. దీనిని చాలమంది చివఱకు విడుతురు, అది పొరపాటు. కొన్ని యంత్రములకు విద్యుత్తు పోయి వచ్చినప్పుడు కాలము తెలియదు. కొన్ని 1970 జనవరి 1 అని మొదలు పెట్టును. పాత సిస్కో యంత్రములు పెక్కు 1993 మార్చి 1 అని మొదలు పెట్టును. అవి తమ గడియారమును తామే నమ్మనప్పుడు చిట్టాలో వేళకు ముందొక నక్షత్రపు గుఱుతు నుంచును. ఆ గుఱుతున్న వ్రాతలోని వేళను సాక్ష్యముగ గ్రహింపరాదు. మూడు యంత్రముల చిట్టాలను ప్రక్కప్రక్కన పెట్టి ఏది ముందు జరిగెనో తేల్చవలసి వచ్చినప్పుడు, ఒక్కదాని గడియారము నాలుగు నిమిషములు తప్పినను కారణము కార్యముగను, కార్యము కారణముగను కనబడును.

ఇందులకై ఎన్.టి.పి. యను పద్ధతి కలదు. అమెరికాలోని డెలవేర్ విశ్వవిద్యాలయమున పనిచేసిన డేవిడ్ మిల్స్ దీనిని రూపొందించెను. దీని మొదటి ప్రమాణపత్రము 1985లో వెలువడినది. యంత్రము ఒక నమ్మకమైన కాలసర్వరు నడుగుచు, ప్రశ్నయు జవాబును దారిలో గడపిన యాలస్యమును లెక్క కట్టి, తన గడియారమును మెల్లమెల్లగ సరిదిద్దుకొనును. మన దేశమున ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ ప్రమాణకాలమునకు కర్త. భారత ప్రమాణకాలమునకు మూలమైన 82½ డిగ్రీల రేఖాంశము మన కాకినాడకు చేరువగనే పోవును. ప్రపంచకాలమున కిది అయిదున్నర గంటలు ముందు. ఒక యంత్రము ప్రపంచకాలమునను, వేఱొకటి భారతకాలమునను వ్రాసినచో, ఒకే సంగతి అయిదున్నర గంటల యెడముతో రెండు సంగతులై కనబడును. ఏదో యొక కాలమును నిర్ణయించి, అన్నిటికి నదియే పెట్టి, వ్రాతలో తేదీయు, సెకండులును, కాలమండలమును పడునట్లు చేయవలెను. అట్లే ప్రతి యంత్రమునకును ఊరిపేరును, పాత్రయును తెలుపునట్టి పేరు పెట్టవలెను. 'రౌటరు' అను పేరుగల యంత్రములు పదియున్నచో చిట్టా చదువువాని గతి యేమి?

రెండవది తీవ్రత. చిట్టాల కొక సామాన్యభాష కలదు. దాని పేరు సిస్‌లాగ్. 1980 దశకమున బర్క్‌లీ విశ్వవిద్యాలయమున ఎరిక్ ఆల్మన్ తన టపా కార్యక్రమమునకై దీనిని సృజించెను. అది ఎల్లెడల వ్యాపించిన తరువాత 2001లో దాని వాడుకను వివరించిన పత్రమును, 2009లో ప్రమాణమును వెలువడినవి. ఇందు ప్రతి సందేశమునకును సున్న మొదలు ఏడు వఱకు నొక తీవ్రత యుండును. సున్న యనగా యంత్రము పనికిరాని స్థితి. ఒకటి, తక్షణము చేయి వేయవలసినది. రెండు, విషమస్థితి. మూడు, తప్పు. నాలుగు, ముందుహెచ్చరిక. ఐదు, సహజమే యైనను గమనింపదగినది. ఆఱు, తెలిసికొనుటకు మాత్రము. ఏడు, యంత్రపు లోగుట్టును అడుగడుగునకు వినిపించు డీబగ్ అనునది. గోదావరి హెచ్చరికలలో అంకె పెరిగిన కొలది ఆపద పెరుగును. ఇచ్చట అంకె తగ్గిన కొలది ఆపద పెరుగును. క్రొత్తగ నేర్చువారు తడబడు చోటిది. నాలుగు అని యేర్పాటు చేసినచో సున్న మొదలు నాలుగు వఱకు గల సందేశములు వ్రాయబడును. ఐదు, ఆఱు, ఏడు విడువబడును.

ఇందొక చిక్కు కలదు. 'ముందుహెచ్చరిక' యను పేరు విన్నంతనే అది చాలునని మనకు తోచును. కాని సిస్కో యంత్రములలో పోర్టు ఆగిన సంగతి మూడవ తీవ్రతతో వచ్చును. యంత్రపు ఏర్పాట్లను ఒకరు మార్చిన సంగతి ఐదవ తీవ్రతతో వచ్చును. యంత్రము తిరిగి మొదలైన సంగతియు నైదవదే. నాలుగు వఱకే చాలుననుకొన్నవాని చిట్టాలో తీగ తెగుట యుండును గాని, అంతకు రెండు నిమిషముల ముందు ఏర్పాటు మార్చినవాని పేరుండదు. అనుభవజ్ఞుడైన పనివాడు కీడు కలిగినప్పుడు మొట్టమొదట అడుగు ప్రశ్న "నిన్నటికిని నేటికిని ఏమి మాఱినది?" యని. ఆ ప్రశ్నకు జవాబు ఐదవ మెట్టున నున్నది. కావున చిట్టా సర్వరునకు ఆఱు వఱకును పంపుట మేలు. ఏడవది రోగమును వెదకునప్పుడు మాత్రము కొంతసేపు తెఱచి, పని తీరినంతనే మూయవలెను.

వ్రాయుట వేఱు, మనుష్యుని నిద్ర లేపుట వేఱు. ఆఱు వఱకు నన్నియు వ్రాయవలెనన్నచో అన్నిటికిని గంట మ్రోగవలెనని కాదు. ఒక యింటి తీగ వదులై నిమిషమునకు పదిమాఱులు తగులుచు వీడుచు నున్నచో, రాత్రి తెల్లవాఱులోపల వేల సందేశములు వచ్చును. వాని కన్నిటికి ఫోను మ్రోగినచో పనివాడు రెండవనాడు దానిని మూసి పరుండును. మూడవనాడు నిజముగ పులి వచ్చును. "నాన్నా, పులి" కథ మన పిల్ల లెఱిగినదే. కావున మూడును, అంతకు తీవ్రమైనవియును మనుష్యుని లేపవలెను. తక్కినవి తెల్లవాఱిన తరువాత చదువుకొనవలెను. ఒకే సందేశము మాటిమాటికి వచ్చినచో దానిని కూర్చి యొక్కటిగ చెప్పు ఏర్పాటును ఉండవలెను.

మూడవది, చిట్టా ఎచ్చట నుండవలెను? దీనికి మూడు చోట్లు కలవు. యంత్రమునకు నేరుగ తగిలించిన తెర, అనగా కన్సోలు, మొదటిది. ఇది పాతకాలపు సన్నదారి. సాధారణముగ సెకండునకు 9600 బిట్ల వేగము, అనగా నించుమించు 960 అక్షరములు. నూఱక్షరముల పంక్తులు సెకండునకు పదికి మించి పట్టవు. ఏడవ తీవ్రతను ఈ దారిన తెఱచినచో, యంత్రము వ్రాయుటలోనే మునిగి అసలు పనిని మఱచును. ఎదుటనున్నవాడు అది చచ్చినదనుకొనును. కావున కన్సోలునకు తీవ్రమైన వానినే విడువవలెను.

రెండవ చోటు యంత్రము లోపలి జ్ఞాపకము. ఇది చేరువనున్నది, వేగమైనది, కాని చిన్నది. పెక్కు సిస్కో యంత్రములలో దీనికి మొదట నిచ్చిన పరిమాణము 4096 బైట్లు, అనగా నలువది పంక్తులు. మైక్రోటిక్ యంత్రములలో మొదట నిచ్చినది వేయి పంక్తులు. అది నిండినచో క్రొత్తది పాతదానిని త్రోసివేయును. దీనిని పెంచుకొనవచ్చును, పెంచుకొనవలెను. కాని విద్యుత్తు పోయినంతనే ఇది తుడిచిపెట్టుకొని పోవును. తుపానునాడు మనకు కావలసినది విద్యుత్తు పోకమునుపటి సంగతి. సరిగ నదియే పోవును. ఇల్లు మునిగినప్పుడు ఇంటి లెక్కపుస్తకమును మునిగినట్లగును.

కావుననే మూడవ చోటు: వేఱొక గదిలో, సాధ్యమైనచో వేఱొక యూరిలో, ఎత్తైన చోట నుండు చిట్టా సర్వరు. యంత్రము తన సందేశములను 514 అను పోర్టునకు పంపుచుండును. సాధారణముగ నిది యు.డి.పి. పద్ధతిని పోవును. ఆ పద్ధతిలో అందినదన్న రశీదు లేదు. దారిలో పోయినచో పోయినట్లే. మఱియు నది యెవరైన నడుమ చదువుటకు వీలగు తెఱపి జాబు. బయటిదారిన పోవు చిట్టాకు ముద్ర వేసి పంపు పద్ధతి కలదు, అది టి.ఎల్.ఎస్. యను కప్పుతో 6514 పోర్టున పోవును. ఇందింకొక వింత గలదు. తీగ తెగినదన్న వార్తయు ఆ తీగమీదుగనే పోవలసినదైనచో, ఆ వార్త యెన్నటికిని చేరదు. అందుచే లోపలి జ్ఞాపకమునను, దూరపు సర్వరునను, రెండుచోట్లను వ్రాయవలెను. తీగ చక్కబడిన తరువాత, లోపలి చిట్టా తెలియని సంగతి చెప్పును; విద్యుత్తు పోయి అది తుడిచిపెట్టుకొనిపోయినచో, దూరపు చిట్టా కడపటి మాట చెప్పును.

నాలుగవది కొలత. ఇందులకు చిరకాలముగ వాడుకలోనున్న పద్ధతి ఎస్.ఎన్.ఎమ్.పి. ఇది 1988 నుండి ప్రమాణములలో గలదు. పర్యవేక్షించు సర్వరు 161 పోర్టున యంత్రమును ప్రశ్నించును. యంత్రము తానై మొఱపెట్టదలచినచో 162 పోర్టునకు పంపును. దీని పాతరూపములలో 'పబ్లిక్' అను సంకేతపదము యంత్రముతోనే వచ్చుచుండెడిది. దానిని మార్చకుండుట ఇంటికి తాళము వేసి చెవి గుమ్మమునకు తగిలించుటయే. 2002లో స్థిరపడిన మూడవ రూపమున పేరును, రహస్యపదమును, గుప్తలేఖనమును గలవు. క్రొత్తగ నేర్పఱుచువారు దానినే వాడవలెను. ప్రశ్నింపదగిన సర్వరు చిరునామాను మాత్రమే యనుమతింపవలెను.

ఎంతసేపటి కొకమాఱు కొలువవలెనన్నది తేలికగ దాటరాని ప్రశ్న. చాలచోట్ల అయిదు నిమిషముల వ్యవధి ఆచారము. పోర్టులో పోయిన బైట్లను యంత్రము ఒక లెక్కింపుచక్రముతో కూడుచుండును. పాత చక్రము 32 బిట్లది; 429 కోట్లకు పైబడినంతనే సున్నకు వచ్చి మరల మొదలగును. సెకండునకు నూఱు కోట్ల బిట్లు పోవు తీగ నిండుగ పాఱుచున్నచో, ఈ చక్రము ముప్పదినాలుగు సెకండులలో తిరిగిపోవును. అయిదు నిమిషములకు చూచువానికి అది యెనిమిది మాఱులు తిరిగిన సంగతి తెలియదు. పొంగుచున్న కాలువ వాని పటమున ఎండిన కాలువవలె కనబడును. 64 బిట్ల చక్రమును చదువుమని యేర్పాటు చేసినచో ఈ భ్రమ తొలగును. అబద్ధపు కొలత కొలత లేమికంటె చెడ్డది.

హద్దులను నిర్ణయించుటలో నింకొక నేర్పు గలదు. హెచ్చరిక లేచు హద్దును, అది దిగు హద్దును ఒక్కటే యైనచో, కొలత ఆ గీతయొద్ద నూగులాడినంతసేపు హెచ్చరిక లేచుచు పడుచు నుండును. వేడి 60 డిగ్రీలకు లేచినప్పుడు హెచ్చరించి, 55కు దిగినప్పుడే దానిని రద్దు చేయుమని రెండు హద్దులు పెట్టవలెను. హద్దు అంకెలను పుస్తకములో చూచి పెట్టుటకంటె, ఒక నెల దినములు యంత్రమును ఊరక కొలిచి, దాని సహజస్థితి యెట్టిదో తెలిసికొని పెట్టుట మేలు. మండువేసవిలో రేకుల గదిలోని యంత్రమునకు సహజమైన వేడి వేఱు, చల్లగది యంత్రమునకు వేఱు.

ఇప్పుడు ఈ యేర్పాట్ల ఫలమును ఒక రాత్రియందు చూతము. ఇది కల్పితమైన రాత్రియే గాని, ఏటిగట్టు ప్రక్క బ్రదుకువారికి క్రొత్తది కాదు. వర్షాకాలము, రెండవ హెచ్చరిక యెగిరినది, గాలి హోరున వీచుచున్నది. రాత్రి రెండు గంటలవేళ గట్టు కావలనున్న ముప్పది యిండ్లకు నెట్‌వర్కు పోయినది. నిర్వాహకునికడ తీగ కట్టు పనివాడొకడే గలడు. చిట్టా లేనిచో చేయదగిన దొక్కటే: చేతదీపమిచ్చి, నిచ్చెన మోయించి, చీకటిలో గట్టుమీదుగ స్తంభము స్తంభమును చూచుకొనుచు పొమ్మనుట.

చిట్టా యున్నచో ముందుగ తెఱపై మూడు ప్రశ్నలకు జవాబు వెదకవచ్చును. ఇంటింటనుండు చిన్నపెట్టె, ఓ.ఎన్.టి. యనబడునది, తనకు విద్యుత్తు పోయినప్పుడు లోపల మిగిలిన కొలదిపాటి విద్యుచ్ఛక్తితో కార్యాలయమునందలి పెద్దయంత్రమునకు ఒక్క సందేశము పంపి యాఱిపోవును. పనివారు దానికి కడయూపిరి యనునర్థము గల పేరు పెట్టినారు. ముప్పది పెట్టెలును ఒకే సెకండున ఈ కడయూపిరిని విడిచియున్నచో, గాజుతీగ బాగుగనే యున్నది. పోయినది ఊరి విద్యుత్తు. పనివాడు గడప దాట నక్కఱలేదు. విద్యుత్ ఉపకేంద్రమునకు ఫోను చేసిన చాలును. ఆ సందేశ మొక్కటియు లేక, ముప్పదింటి వెలుతురును ఒక్కసారిగ మాయమైనచో, తీగ తెగినది; అన్నిటికిని ఉమ్మడియైన భాగముననే తెగినది; ఇంటింటికి తిరుగనక్కఱలేక నేరుగ నచ్చటికే పోవచ్చును. కొన్ని పెట్టెలు చెప్పి, కొన్ని చెప్పకయే పోయినచో, స్తంభమే కూలి విద్యుత్తీగయు గాజుతీగయు కలిసి పడియుండునని శంకింపవలెను. అప్పుడు పనివాడు ఒంటిగ పోరాదు. విద్యుత్తు ఆపినారని తెలిసికొననిదే చేయి వేయరాదు.

ఇక కొలతల పటమును చూచినచో మఱియొక సంగతి తెలియవచ్చును. వెలుతురును డెసిబెల్ అను మానముతో కొలుతురు. మూడు డెసిబెల్‌లు తగ్గినచో వెలుతురు సగమైనట్లు. ఆ గ్రామపు వెలుతురు మూడు వారములనుండి కొంచెము కొంచెముగ దిగుచుండినచో, నేటి రాత్రి తెగినది నేడు పుట్టిన జబ్బు కాదు. ఏదో అతుకులో నీరు దిగుచుండెను, లేక తీగ వంగి నలుగుచుండెను. హద్దు పెట్టియుండినచో పదునైదు దినముల క్రిందటనే, ఎండపూట, పొడినేలపై నిలిచి దానిని చక్కబెట్టియుండవచ్చును. ఇదంతయు చూచుటకు పట్టు కాలము అయిదు నిమిషములు. ఆ యైదు నిమిషములు ఒక మనుష్యుని చీకటిలో నూరక గట్టెక్కించుటయా, మానుటయా యని నిర్ణయించును.

ఐదవది, చిట్టాను ఎన్నాళ్లు ఉంచవలెను, ఎవరు చదువవలెను అనునది. భారత ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28 నాటి యాదేశములలో, సంస్థలు తమ యంత్రముల చిట్టాలను గడచిన 180 దినములవి భద్రముగ నుంచవలెననియు, గడియారములను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు లేక నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ కాలసర్వరులతో గాని, వానిని అనుసరించు సర్వరులతో గాని సరిపోల్చవలెననియు, పేర్కొన్న తెగల సైబరు దుర్ఘటనలను తెలిసిన ఆఱు గంటలలో తెలుపవలెననియు విధించెను. దీనికి గొప్ప కొట్టు వలయునని భయపడనక్కఱలేదు. ఏబది యంత్రములు దినమునకు రెండేసి వేల పంక్తులు వ్రాసినవనుకొందము; పంక్తికి 150 బైట్లు. దినమునకు కోటి యేబది లక్షల బైట్లు, 180 దినములకు 270 కోట్ల బైట్లు. జేబులో పట్టు నిల్వపెట్టెలో నది యొక మూల కైనను చాలదు.

ఉంచుట యెంత ముఖ్యమో, ఉంచదగని దానిని వ్రాయకుండుటయు నంత ముఖ్యము. యంత్రపు ఆరోగ్యము యంత్రపు చిట్టాలో నుండవలెను. ఇంటివా రేమి చదివిరి, ఎవరితో మాటాడిరి యనునది పనివాని తెఱపై వినోదమునకు కనబడరాదు. చట్టము కోరు లెక్కలు వేఱుగ, తాళములో నుండవలెను. రహస్యపదములు చిట్టాలో పడకుండ చూడవలెను. చిట్టాను చదువుటకు అధికారము గలవాడు దానిని దిద్దుటకు అధికారము గలవాడు కారాదు. తప్పు చేసినవాడే తన తప్పును తుడువగలిగినచో అది చిట్టా కాదు, పలక.

ఇన్నియు చేసిన పిమ్మట మిగిలినది పరీక్ష. ఒక యెండపూట, చందాదారులకు ముందుగ తెలిపి, ఒక తీగను చేతితో ఊడదీసి చూడవలెను. లోపలి జ్ఞాపకమున వ్రాత పడినదా? దూరపు సర్వరునకు చేరినదా? వేళ రెండుచోట్లను ఒక్కటియేనా? పోవలసిన ఫోనునకే హెచ్చరిక పోయినదా? ఆ ఫోను గలవాడు ఇప్పటికిని మనకడ పనిలో నున్నాడా? ఈ కడపటి ప్రశ్న నవ్వు పుట్టించునట్లున్నను, హెచ్చరికలు చేరకపోవుటకు తఱచు కారణ మదియే. యంత్రపు ఏర్పాట్ల ప్రతియొకటి వేఱుగ దాచి, మార్చినప్పుడెల్ల క్రొత్తప్రతి తీసికొనవలెను. మఱియు దినమునకు పది నిమిషములు, ఏ కీడును లేని దినమునను, చిట్టాను చదువవలెను. ఏటిని నిత్యము చూచువానికే నీటిరంగు మాఱుట తెలియును.

ఇందు ఖరీదైన సాధన మేదియు లేదు. గడియారము, పేరు, తీవ్రత, చోటు, కొలత, హద్దు, పరీక్ష: ఇవి యన్నియు యంత్రములో నున్నవే, ఏర్పఱుపమని కాచుకొని యున్నవే. ఆనకట్టకడ కొలబద్ద చూచి వ్రాయువాడు గోదావరిని నిలుపలేడు. అతడు వ్రాసిన అంకెను నమ్మి, దిగువ నున్నవారు రాత్రి గొడ్లను తోలుకొని పోవలెనో, నిద్రింపవచ్చునో నిర్ణయించుకొందురు. యంత్రపు చిట్టా యట్టి నమ్మకమునకు తగియుండునట్లు చేయుట మన వంతు. రాబోవు వర్షాకాలమునకు ముందు, తమ చేతిక్రింద నిట్టి యంత్రము గలవారు దాని చిట్టాను ఒకమాఱు తెఱచి, మొదటి పంక్తిలోని వేళ సరియైనదేనా యని చూచిన చాలును. తక్కినదంతయు అచ్చటినుండి మొదలగును.